ఎదురుకాళ్ల పిల్ల

"నవ్యా, కాళ్లు కడుక్కొని రా."

ఆదివారం పొద్దున మా ఇంట్లో నాకు వినిపించే మొదటి మాట ఇదే. అంటే గడప దగ్గర ఎవరో బోర్లా పడుకొని ఉన్నారని అర్థం. నేను ఎదురుకాళ్లతో పుట్టాను, తల కంటే ముందు కాళ్లు బయటికి వచ్చాయట. అలా పుట్టినవాళ్లు తొక్కితే పట్టేసిన నడుము వదులుతుందని మా దగ్గర నమ్మకం. నెల్లికుదురు చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా బండ్ల మీద వస్తారు. నేను గోడ పట్టుకొని వాళ్ల నడుము మీద కుడికాలితో తొక్కాలి. తొక్కేటప్పుడు నోరు విప్పకూడదు. మాట్లాడితే కాలి గుణం పోతుందని మా నాయినమ్మ పోశమ్మ చెప్పింది. ఆ నియమం నాకు ఎప్పుడూ బరువనిపించలేదు. బడిలో హాజరు పిలిచినా చెయ్యెత్తడమే తప్ప గొంతెత్తడం నాకు రాదు. కానీ ఇప్పుడు నేను పదో తరగతి. ఆటో నడిపే గణేశన్న అంగీ పైకి లాక్కొని పడుకుంటే చూపు ఎక్కడ పెట్టాలో తెలియక గోడ మీది బల్లిని చూస్తూ తొక్కుతాను. "జర బలంగ తొక్కు పిల్లా, బువ్వ తింటలేవా?" అని కింద నుంచి నవ్వుతాడు. నాకు ఇష్టమేనా అని ఎవరూ అడగలేదు. లేచి వెళ్లేటప్పుడు అందరూ మా నాయినతోనే అంటారు, "రవీందరన్నా, నీ బిడ్డది మంచి కాలు" అని. నాయిన మీసం దువ్వుకుంటాడు, తొక్కింది తానే అయినట్టు.

ఆ కాలు ఎవరి నడుము విరగ్గొట్టి బయటికి వచ్చిందో మాత్రం ఎవరూ మాట్లాడరు. అమ్మ నడుంనొప్పికీ నాకూ ఒకటే వయసు. నన్ను కన్నప్పుడు పోయిన నడుము మళ్లీ కుదురుకోకముందే పత్తి చేనుకు పంపారట. వంగేటప్పుడు అమ్మ మోకాలు పట్టుకుంటుంది. లేచేటప్పుడు గోడ పట్టుకుంటుంది. బర్రెల దగ్గర పేడ తీసి, నీళ్లు మోసి, అందరికీ వండి పెట్టి, మిర్చి చేనుకు పోయి, చీకటి పడ్డాక మళ్లీ పొయ్యి దగ్గర కూర్చుంటుంది. "ఇంట్ల ఉండేదానికి నడుమెందుకు నొస్తదే?" అని నాయిన చాలాసార్లు అన్నాడు. ఆయన దృష్టిలో అమ్మ ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది, చేనులో ఉన్నప్పుడు కూడా.

పోయిన నెల నాయినకు మెడ పట్టింది. మెడ మీద తొక్కడానికి లేదు కదా. ఫోన్‌లో వీడియోలు చూసి, మహబూబాబాద్‌లో కొత్తగా పెట్టిన, మెడా నడుమూ చేత్తో గుంజి సరిచేసే కైరోప్రాక్టిక్ సెంటర్‌కు వెళ్లాడు. తిరిగొచ్చాక ఇంటికి ఎవరు వచ్చినా అదే ముచ్చట. "మెడకు తువ్వాలేసి ఒక్క గుంజుడు గుంజిండే, పట్టుమన్నది! పాణం లేచొచ్చింది. గని ముట్టకముందు గంటసేపు సవాళ్లు. కాలు తిమ్మిరెక్కుతున్నదా, నడుస్తుంటె చెప్పు జారితె తెలుస్తదా, బట్టలు తడవకుంట ఒంటేలు ఆగుతున్నదా అని. గట్లున్నోళ్లను ఆయన ముట్టడంట. సీదా పెద్ద దవాఖానకు పొమ్మంటడంట. నేనన్న, సారూ, మీది నడుముల దుకాణమా, చెప్పుల దుకాణమా?"

అందరూ పగలబడి నవ్వారు. చాయ్ గిలాసలు అందిస్తున్న అమ్మ నవ్వలేదు. వంటింటి గడపలో ఆగి, "ఎందుకు ముట్టడంట?" అని అడిగింది.

"నీకెందుకే గవన్నీ? చాయ్‌ల చక్కెర తక్కువైంది, సూడు" అన్నాడు నాయిన.

నిన్న చేను నుంచి వస్తుంటే నేను అమ్మ వెనక నడుస్తున్నాను. బండ్లబాటలో ఆమె ఎడమకాలి చెప్పు ఊడి దుమ్ములో ఉండిపోయింది. అమ్మ ఆగలేదు. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా, తుమ్మముళ్ల మీంచి నడిచిపోతూనే ఉంది. నేను చెప్పు పట్టుకొని పరుగెత్తి పిలిస్తే తన కాలి వైపు ఎవరిదో చూసినట్టు చూసుకుంది. మడమలో ముల్లు విరిగి ఉంది. నెత్తురు కారుతోంది.

"ఎప్పటి సంది అమ్మా?"

"మిర్ప ఏరుడు షురువైనప్పటి సంది."

"నాయినకు చెప్పినవా?"

"మిర్ప అయిపోనీ బిడ్డా."

నాయిన నవ్వుతూ చెప్పిన ప్రశ్నల్లో ఇంకొకటి మిగిలింది. "ఒంటేలు ఆగుతున్నదా?" అని మెల్లగా అడిగాను. అమ్మ చీర కుచ్చిళ్లు ముందుకు లాక్కుంది. రోజుకు రెండుమూడు చీరలు ఎందుకు ఉతుక్కుంటోందో నాకు అప్పుడు తెలిసింది.

ఈ పొద్దున అమ్మ మంచం మీంచి లేవలేకపోయింది. "ఇంట్లనే మందు పెట్టుకొని గిట్ల మూలుగుడేందే?" అన్నాడు నాయిన. "నవ్యా, కాళ్లు కడుక్కొని రా."

"ఊరోళ్ల నడుములన్ని సక్కగ చేత్తది, తల్లిది చెయ్యదా? జల్ది తొక్కు, మిర్పకు కూలోళ్లొచ్చే యాళ్లయింది" అంది నాయినమ్మ.

ఇద్దరూ అమ్మను రెక్కలు పట్టి తెచ్చి గడప దగ్గర బోర్లా పడుకోబెట్టారు. ఇన్నేళ్లలో అమ్మ అక్కడ పడుకోవడం ఇదే మొదలు. ఆమెకు ఎప్పుడూ తీరిక దొరకలేదు. నేను గోడ పట్టుకొని కాలెత్తాను. రవిక కింద వెన్నుపూసలు ఒక్కొక్కటే లెక్కపెట్టేలా తేలి ఉన్నాయి. "తొక్కు బిడ్డా, ఏం గాదు" అంది అమ్మ, ముఖం నేలకు ఆనించి. ఆమె ఎడమ పాదం నా వైపే ఉంది. మడమ పుండు మీద చీమలు పట్టాయి. అమ్మ పాదం కదపలేదు. ఆమెకు తెలియదు.

"నాయినా, అమ్మ చెప్పు జారుతున్నది. ఆమెకు తెలుస్తలేదు" అన్నాను.

"అయ్యో, నోరిప్పినవేందే! గుణం పాయె గదే!" అని నాయినమ్మ నెత్తి కొట్టుకుంది. నాయిన "ఏం చెప్పు?" అని ఏదో అనబోయి, చీమలను చూసి అమ్మ పాదం దగ్గర వంగాడు. ఈసారి ఆయనకు నవ్వు రాలేదు.

నేను ఎత్తిన కాలిని అమ్మ పక్కన నేల మీద పెట్టాను. వాకిట్లో ఆటో పక్కన నడుము పట్టుకొని గణేశన్న తన వంతు కోసం నిలబడి ఉన్నాడు. "గణేశన్నా, నా కాలుకు గుణం పోయింది. ఆటో దర్వాజ కాడికి తీస్కరా, అమ్మను పెద్ద దవాఖానకు తీస్కపోవాలె" అన్నాను. నా గొంతు వాకిలి దాటి వినిపించడం నాకే కొత్తగా ఉంది.

ఆటో వచ్చేలోపు అమ్మ మడమ తుడిచి, చెప్పు తొడిగి, మళ్లీ జారకుండా నా జడ రిబ్బను విప్పి పాదం చుట్టూ కట్టాను.

"బిగుతైందా అమ్మా?" అని అడిగాను.

"కట్టినవా?" అంది అమ్మ.