మర్యాదకి కుదరని ముహూర్తం

మా నాన్న సుందరరామయ్యకీ, మందస వియ్యంకుడు పురుషోత్తంగారికీ మర్యాద మరీ ఎక్కువ. ఆ మర్యాదే నా పెళ్ళిని మింగేసేలా ఉండేది.

అరవై తొమ్మిది కార్తీకంలో గాలివాన వచ్చి ఉద్దానం దారుల నిండా కొబ్బరిచెట్లు పడిపోయాయి. టపా ఆగిపోయింది. పలాసలో మేం, మందసలో వాళ్ళు, కంచిలిలో మా మేనమామ గోవిందరాజులు. ఉత్తరాలు జీడిగింజల లారీవాళ్ళ చేతిలో పెట్టి దేవుడికి దణ్ణం పెట్టుకోవడమే. మార్గశిరంలో కుదిరినవి రెండే ముహూర్తాలు, తదియ, దశమి. అవి దాటితే పెళ్ళికొడుకు సీతారాం సెలవు అయిపోయి ఖరగ్‌పూర్ వెళ్ళిపోతాడు. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల మీదికి తెచ్చేది మేనమామ. అమ్మ పోయాక నన్ను పెంచిందీ ఆయనే. ఆయన లేకుండా నాకు పెళ్ళేమిటి?

నాన్న తదియ అని రాశాడు. మందసనుంచి దశమి అని వచ్చింది. "మీ మాటే మా మాట" అని నాన్న దశమికి మారాడు. అదే మాట అని వాళ్ళు తదియకి మారారు. మళ్ళీ ఇద్దరూ మారారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇలాగైతే తెమల్దు నాన్నా. నువ్వూ, మందసోళ్ళూ, మావయ్యా ఎవురింట్లో ఆళ్ళు రూపాయి బిళ్ళ ఎగరెయ్యండి. బొమ్మయితే తదియ, బొరుసయితే దశమి. పడింది మిగతా ఇద్దరికీ రాయండి. ఇద్దరిది కలిత్తే అదే ఖాయం, మూడోవారి కోసం ఆగొద్దు. కలవకపోతే మళ్ళీ ఎగరెయ్యండి."

"ఎన్నిసార్లేటే?"

"నాకేటి తెలుసు? ఎప్పుడో కలుత్తాది. మీ మర్యాదలు మాత్రం జన్మలో కలవవు."

ఆ సంగతే అందరికీ రాశాం. మొదటిసారి మాకు తదియ, మందసకి దశమి. కంచిలినుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఉత్తరం పోయిందో, మావయ్యకి జ్వరమే వచ్చిందో, ఇంకేమైనా అయిందో, పలాసలో కూర్చుంటే ఎలా తెలుస్తుంది? రెండోసారి మాకూ మందసకీ తదియే పడింది.

తదియనాడే పెళ్ళయింది. వీధి మలుపు వంక చూస్తూనే ఉన్నాను. నా బుట్ట నాన్న తమ్ముడి వరసాయన ఎత్తాడు. ఏడుస్తూనే తాళి కట్టించుకున్నాను.

దశమినాడు పొద్దున్న సీతారాం ప్రయాణానికి పెట్టె సర్దుకుంటున్నాడు. పందిరి ఇంకా విప్పలేదు. మావయ్య వచ్చాడు. కంచిలినుంచి నడిచే వచ్చాడట. మోకాళ్ళదాకా బురద, చంకలో కొత్త పంచె, నెత్తిన వెదురుబుట్ట.

"నాకు దశమే పడిందే ఇందూ. మందసోళ్ళదీ దశమని ఉత్తరం అందింది. ఇద్దరిది కలిత్తే సాలన్నావు గదా, మరింక ఆగనేదు. నాను రాసింది అందనేదేటి? సుట్టాలెవరూ కనపడరేటే? పెళ్ళి ఇయ్యేళే గదా?"

నాన్న నోరు తెరవబోయాడు. నేను తాళి కనపడకుండా పమిట మెడ మీదికి లాక్కుని అడ్డం వెళ్ళాను.

"ఇయ్యేళే మావయ్యా. నీ కోసమే సూత్తన్నాం."

సీతారాం పెట్టె మూసేసి, పీటలు వెయ్యడానికి వెళ్ళాడు.