ఏథెన్సు న్యాయస్థానంలో చిల్లుకుండ

నేను ఒక చిల్లుకుండను. ఈ మాట చెప్పుకోవడానికి ఏ కుండైనా సిగ్గుపడుతుంది. నా విషయంలో మాత్రం చిల్లే నా ఉద్యోగం. ఇరవై మూడు వందల ఏళ్ల కిందట గ్రీకుల ఏథెన్సు నగరంలో, కుమ్మరివాడలో పుట్టాను. నాతోపాటు ఆవంలో కాలిన కుండల్లో నీళ్లు కారినవాటిని మా కుమ్మరి గోడకేసి కొట్టాడు. నన్ను మాత్రం పసిబిడ్డను దింపినట్టు దింపి, నా అడుగున ఉన్న రంధ్రంలో సన్నటి కంచు గొట్టం బిగించాడు. పై అంచుకు కాస్త కిందగా ఇంకో రంధ్రం పెట్టాడు. ఎవరైనా ఎక్కువ నీళ్లు పోస్తే అక్కడినుంచే బయటికి పోతాయి. అంటే నేను ఎవరికీ ఒక్క దోసెడు ఎక్కువ ఇవ్వలేను, తక్కువా ఇవ్వలేను. ఆ ఊరివాళ్లు దీన్నే న్యాయం అనేవారు.

నన్ను న్యాయస్థానానికి తీసుకెళ్లి ఒక అరుగు మీద పెట్టారు. కింద ఇంకో కుండ. వాదించేవాడు నోరు తెరవగానే నా గొట్టం వదులుతారు. ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోతే అతను మాట మధ్యలో ఉన్నా నోరు మూసుకోవాల్సిందే. అక్కడ వకీళ్లు లేరు. ఎవరి గొడవ వాళ్లే చెప్పుకోవాలి. మాటలు రాసిపెట్టేవాళ్ల దగ్గర ఉపన్యాసం రాయించుకుని, కంఠస్థం చేసి వచ్చేవారు. తీర్పు చెప్పడానికి రాజూ లేడు, జడ్జీ లేడు. ఆ పొద్దున చీటీల్లో పేరు వచ్చిన ఐదు వందల మంది పౌరులు బల్లల మీద కూర్చునేవారు. తెలివైనవాణ్ణి ఎవరైనా లోబరచుకోవచ్చు, చీటీని లోబరచుకోలేరు కదా అని వాళ్ల ధీమా. నా పక్కన నిలబడే మనిషినీ ఆ ఐదు వందల మందిలోంచి చీటీ తీసే ఎంచేవారు.

నీళ్లు ఆగే సందర్భం ఒకటే ఉంది. సాక్షి వాఙ్మూలం చదివేటప్పుడు వాదించేవాడు "నీళ్లు ఆపు" అంటాడు. అప్పుడు నా గొట్టానికి బొటనవేలు అడ్డం పెడతారు. సాక్షి మాట అయిపోగానే వేలు తీసేస్తారు. అందుకే నాకు మనుషుల ముఖాల కన్నా బొటనవేళ్లు బాగా తెలుసు. వేలి చివర నాడి కొట్టుకుంటుంది. పైకి ఎంత గంభీరంగా ఉన్నా, లోపల ఏం జరుగుతోందో అది నా కంచు గొట్టానికి చెప్పేస్తుంది.

ఎపిక్లెస్ బొటనవేలు అన్నిటికన్నా కంగారు పడే వేలు. ఒకప్పుడు యుద్ధనౌకల్లో తెడ్డు వేసిన ముసలాయన, ఆ ఏడాది చీటీ అతన్ని తరచూ నా పక్కకే తెచ్చేది. అరచేతులు ఇప్పటికీ చెక్కల్లా ఉండేవి. ఆ ఏడాది ఏథెన్సు ప్రభుత్వం ఒక ఆజ్ఞ ఇచ్చింది. ప్రతి ఊరూ తన పౌరులందరినీ మళ్లీ పరీక్షించుకోవాలి. ఒక్కొక్కరి పేరూ పిలిచి, తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్సు పౌరుల బిడ్డలేనా కాదా అని చేతులెత్తి తేల్చాలి. కాదన్నవాణ్ణి ఊరి పట్టీలోంచి కొట్టేస్తారు. అతను ఊరుకుంటే, పరాయివాడిగా బతకొచ్చు. ఊరుకోకుండా న్యాయస్థానానికి వచ్చి ఓడిపోతే, బానిసగా అమ్మేస్తారు.

ఎపిక్లెస్ ఊరి వంతు ఇంకా రాలేదు. అతనికి తల్లి చిన్నప్పుడే పోయింది. ఆమె తరఫు మగవాళ్లు సముద్రంలో ఒకరూ, యుద్ధంలో ఒకరూ ఎప్పుడో పోయారు. నీళ్ల కుండ దగ్గర నిలబడ్డప్పుడల్లా అతని వేలు ఆ సంగతే తలుచుకునేది.

ఆ రోజు వచ్చింది ఆంటిడోరస్ వ్యాజ్యం. అతను రేవు దగ్గరి ఊళ్లో వలలు అల్లుకుని బతికేవాడు. ఊరిపెద్ద ఫైడిమస్‌కు, అతనికి గొడవ మొదలైంది ఒక పండగలో. బలి ఇచ్చిన మాంసం పంచేటప్పుడు, పెద్ద తొడ ముక్క ఎప్పుడూ పెద్దాయన ఇంటికే నడిచి వెళుతుందేమిటని ఆంటిడోరస్ అందరి ముందూ అడిగాడట. నలుగురూ నవ్వారట. ఆ నవ్వు ఫైడిమస్ మర్చిపోలేదు. పరీక్ష రోజున చాలామంది ఇళ్లకు వెళ్లిపోయేదాకా ఆగి, చీకటి పడబోతుండగా ఆంటిడోరస్ పేరు పిలిచాడు. మిగిలిన తనవాళ్లతో కాదని చేతులెత్తించాడు.

మొదట ఫైడిమస్ మాట్లాడాడు. నా ధార అతని గొంతు కింద హాయిగా పారింది. ఆంటిడోరస్ తండ్రి మంచివాడేనన్నాడు. తల్లి మాత్రం ఎక్కడినుంచో పడవలో దిగిన మనిషని, ఆమె పుట్టుక చూసినవాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరని అన్నాడు. ఆ తర్వాత ఆమె పేరే పైకి అనేశాడు.

"ఈ మెలిట్టా ఎవరి కూతురో ఎవరైనా చెప్పండి చూద్దాం."

బల్లల మీద గుసగుసలు లేచాయి. గౌరవమైన ఇంటి ఆడదాని పేరు ఆ ఊళ్లో మగవాళ్ల ముందు ఎత్తరు. ఫలానావాడి తల్లి, ఫలానావాడి భార్య అంటారు, అంతే. పేరు పెట్టి పిలిచాడంటే గౌరవం లేని మనిషని అర్థం. ఆమె తప్పు చేసిందని అతను ఎక్కడా చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది.

అసలు చిక్కు ఇంకోటి. ఆ ఊళ్లో ఆడపిల్లల పేర్లు ఏ పట్టీలోనూ ఎక్కించరు. ఒక స్త్రీ పౌరుడి కూతురు అనడానికి రుజువు ఆమె పుట్టింటి మగవాళ్ల నోట్లో ఉంటుంది. ఆమె స్వయంగా వచ్చి చెప్పుకోవడానికి లేదు. మెలిట్టా తరఫున బతికున్న మగవాడు ఒక్కడే. పెదనాన్న కొడుకు ఆర్కిప్పస్. వేరే ఊళ్లో ఉంటాడు. ఆ ఊరి పరీక్ష కూడా ఇంకా జరగలేదు.

ఆంటిడోరస్ వంతు వచ్చింది. కుండలు మోసే ప్రభుత్వ బానిస నన్ను మళ్లీ నింపాడు. ఆంటిడోరస్ అతని మెడ వంక, భుజాల వంక, కడవ పట్టుకున్న చేతుల వంక చూస్తూ ఉండిపోయాడు. ఓడితే రేపు తాను ఎవరి కడవలు మోయాలో అని చూసినట్టుంది. ఎపిక్లెస్ కూడా అటే చూశాడు. తర్వాత ఇద్దరూ ఒకరి చూపు ఒకరికి దొరికిపోయినట్టు తలలు తిప్పుకున్నారు.

ఉపన్యాసం మొదలైంది. కంఠస్థం చేసిన మాటలు కాబట్టి తడబాటు లేకుండానే వచ్చాయి. కానీ పక్కకు వేలాడుతున్న చేతులు మాత్రం ఊరుకోలేదు. వేళ్లు గాలిలో ముడి వేస్తున్నాయి, బిగిస్తున్నాయి, మళ్లీ వేస్తున్నాయి. వెనక వరసలోంచి ఎవరో అన్నారు, వల అల్లుకోవాలంటే ఇంటికెళ్లి అల్లుకోవయ్యా అని. కొందరు నవ్వారు. తండ్రి సంగతి అయిపోయింది. దానికి సాక్షులు వచ్చారు, అవునన్నారు, వెళ్లారు. ఇక తల్లి సంగతి.

"మా అమ్మ అన్నగారిని పిలుస్తున్నాను. నీళ్లు ఆపు."

ఎపిక్లెస్ వేలు వచ్చి నా గొట్టాన్ని మూసింది. గుమాస్తా వాఙ్మూలం చదివాడు. ఈమె మా చిన్నాన్న కూతురు, మా చిన్నాన్న ఫలానా ఊరి పౌరుడు, ఆమె పెళ్లికి నేను ఉన్నాను, ఇంతే ఉంది అందులో. ఆర్కిప్పస్ అక్కడ నిలబడి అవునని తలూపితే సరిపోయేది.

అతను తలూపలేదు. ఒకసారి ఫైడిమస్ వంక, ఒకసారి బల్లల వంక చూశాడు. బల్లల మీద అతని ఊరివాళ్లు కూడా ఉన్నారు. ఆ తర్వాత నెమ్మదిగా పక్కనున్న రాయి దగ్గరికి నడిచాడు. ఆ రాయి ఎందుకో అందరికీ తెలుసు. సాక్ష్యం చెప్పడం ఇష్టం లేనివాడు దాని మీద నిలబడి, ఈ సంగతి నాకు తెలియదని దేవతల మీద ప్రమాణం చేయవచ్చు. అప్పుడతన్ని ఎవరూ బలవంతపెట్టరు.

ఆంటిడోరస్ గొంతు తగ్గించి, "మామా" అన్నాడు.

ఆర్కిప్పస్ ప్రమాణం చేశాడు. నాకు తెలియదు అన్నాడు. దిగి, ఎవరి వంకా చూడకుండా వెళ్లిపోయాడు.

అతనిది పగ కాదని నాకు ఆ హాలులోని గాలే చెప్పింది. అనుమానానికి గురైన ఆడదాన్ని చెల్లెలు అన్నవాడి మీద రేపు తన ఊళ్లో అదే అనుమానం పడుతుంది. ఆ ఏడాది మొత్తం అలాగే ఉంది. బల్లల మీదివాళ్లకు వాళ్లవాళ్ల తల్లులు గుర్తొస్తున్నారు. గుర్తొచ్చినకొద్దీ జాలి పెరగాలి కదా అని నేను అమాయకంగా అనుకునేదాన్ని. కాదు, కాఠిన్యం పెరిగేది. పక్కవాణ్ణి కాదంటే తాము అవునైపోతామని ఎవరికివారే లోపల లెక్క వేసుకునేవారు.

సాక్ష్యం అయిపోయింది. వేలు తీసెయ్యాలి. ఎపిక్లెస్ తియ్యలేదు. అతని నాడి నా గొట్టం మీద తలుపు తట్టినట్టు కొట్టుకుంటోంది. అతను దయతో ఆపాడో, భయంతో బిగుసుకుపోయాడో నాకు ఇప్పటికీ తెలియదు. అతనికీ తెలిసి ఉండదు.

ఫైడిమస్ అన్నాడు, "నీళ్లు వదులు పెద్దాయనా. నువ్వూ వాళ్ల బంధువువేనా ఏం?"

హాలంతా నవ్వింది. ఎపిక్లెస్ వేలు కాలినట్టు ఎగిరిపోయింది. ధార మళ్లీ మొదలైంది.

ఆంటిడోరస్ మాట్లాడలేదు. రాయించుకున్న ఉపన్యాసంలో తర్వాతి మాటలన్నీ మామ అవునన్నాడనే నమ్మకం మీద కట్టినవి. ఇప్పుడు వాటిలో ఒక్కటీ పనికిరాదు. అతను నా ధార వంక చూస్తూ నిలబడ్డాడు. నాకు జీవితంలో అంత భయం ఎప్పుడూ వేయలేదు. నాకు ఆగడం రాదు. ఆపేవాడు ఉంటేనే ఆగుతాను. మౌనం కోసం నీళ్లు ఆపే నియమం వాళ్లు పెట్టుకోలేదు. ఒక మనిషి స్వేచ్ఛ నా అడుగునుంచి కారిపోతోంది, నేనేమో ఒక్క చుక్క కూడా వెనక్కి లాక్కోలేకపోతున్నాను. ముందు వరసలో ఒకడు, వలలు అల్లేవాడికి మాటలు అల్లడం రాలేదే అన్నాడు. ఈసారి ఎక్కువమంది నవ్వలేదు.

ఆంటిడోరస్ వేళ్లు ముడులు వేయడం మానేశాయి. అతను నా వైపు వచ్చి, ఎపిక్లెస్‌తో, ఇంట్లో మనిషితో చెప్పినంత మెల్లగా అన్నాడు.

"మిగిలిన నీళ్లు పారబొయ్యి."

నాలో ఇంకా సగానికి పైగా ఉన్నాయి.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆ న్యాయస్థానంలో ఈ మాటకు ఒక అలవాటైన అర్థం ఉంది. నా వాదన నెగ్గింది, ఇంకా చెప్పాల్సిన అవసరమే లేదు అనుకునే మొనగాడు, గుండె విరుచుకుని అనే మాట అది. ఆంటిడోరస్ ముఖం దగ్గరగా చూసింది మేమిద్దరమే, ఎపిక్లెస్, నేను. అతనికి చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. ముందు వరసవాళ్లు విన్నది అలసిన గొంతే. వాళ్లు వెనక్కి చెప్పారు, ఆ వెనకవాళ్లు ఇంకా వెనక్కి చెప్పారు. చివరి బల్లకు చేరేసరికి అది ధీమా అయిపోయింది. సగం నీళ్లు వదులుకున్నాడట, ఎంత నమ్మకం లేకపోతే అలా అంటాడు, అని తలలు దగ్గరకు వచ్చాయి. ఫైడిమస్ ముఖంలో మొదటిసారి చిరాకు కనిపించింది.

ఎపిక్లెస్ నన్ను రెండు చేతులతో ఎత్తి వంచాడు. నీళ్లు నేల మీద పరుచుకుని ముందు బల్ల కిందికి పాకాయి. పెద్దమనుషులు కాళ్లు పైకి లాక్కున్నారు.

తర్వాత ఓట్లు. ఒక్కొక్కరికీ రెండు కంచు బిళ్లలు ఇస్తారు. ఒకదాని నడిమి కడ్డీ బోలు, ఇంకోదాని కడ్డీ నిండు. బోలుది మొదట మాట్లాడినవాడికి, నిండుది తర్వాత మాట్లాడినవాడికి. ఏది వేస్తున్నాడో ఎవరికీ కనపడకుండా కడ్డీ చివరలు వేళ్లతో మూసుకుని వేస్తారు. ఎపిక్లెస్ కూడా వేశాడు. ఏది వేశాడో నాకు తెలియదు. లెక్కపెట్టారు. ఆంటిడోరస్ నెగ్గాడు. తేడా ఎంత తక్కువంటే, రెండోసారి లెక్కపెట్టారు.

సాయంత్రం ఎపిక్లెస్ నన్ను కడగడానికి బయటి నీళ్లతొట్టి దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ గోడ పక్కన ముసుగు వేసుకున్న ఒకావిడ కూర్చుని ఉంది. పొద్దున్నుంచీ అక్కడే ఉన్నట్టుంది, ఎండ ఆమెను దాటి అవతలి గోడకు వెళ్లిపోయింది. ఆంటిడోరస్ ఆమె ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. నెగ్గాననే మాట అప్పటికే చెప్పేసినట్టున్నాడు. ఆమె అడుగుతున్నది వేరే.

"మా అన్న వచ్చాడా?"

"వచ్చాడమ్మా."

"చెప్పాడా?"

ఆంటిడోరస్ కాసేపు మాట్లాడలేదు. నాలో నీళ్లు లేవు గనుక ఆ కాసేపు ఎవరి లెక్కలోకీ రాలేదు.

"చెప్పాడు. గట్టిగానే చెప్పాడు."

"చెప్పకేం," అందామె. "చిన్నప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకుని ద్రాక్షతోటంతా తిప్పేవాడు. భోజనానికి పిలిచావా?"

"ఇంకోసారి వస్తానన్నాడు."

ఎపిక్లెస్ అటు చూడలేదు. నన్ను ఒకసారి కడిగి, మళ్లీ కడిగాడు. ఆ తర్వాత అతను నా దగ్గరికి రాలేదు. చీటీలో పేరు రాకపోయి ఉండవచ్చు. వాళ్ల ఊరి పరీక్ష జరిగే ఉంటుంది.

చాలా ఏళ్లు పనిచేశాను. ఒకరోజు అంచు పగిలింది. బావిలోకి విసిరేశారు. నా మీద మట్టి, ఆ మట్టి మీద ఇంకో ఊరు, దాని మీద ఇంకోటి. ఎవరో తవ్వి తీసి, ముక్కలు అతికించి, అద్దాల పెట్టెలో పెట్టారు. పిల్లల్ని వెంటేసుకుని టీచర్లు వస్తారు. అందరికీ సమానంగా మాట్లాడే సమయం ఇచ్చిన కుండ ఇదేనని చెబుతారు. నిజమే, సమయం సమానంగానే ఇచ్చాను. ఎవరికి సాక్షి ఉన్నాడో, ఎవరి తల్లి గోడ బయట కూర్చోవాలో, అది నా చేతిలో లేదు.

ఇప్పుడు నాలో ఎవరూ నీళ్లు పోయరు. అయినా అద్దం అవతల ఎవరైనా మాట్లాడుతూ మాట్లాడుతూ మాట మధ్యలో ఆగిపోతే, నాకు కంగారు పుడుతుంది. వాళ్లకు మాట దొరికేదాకా నా చిల్లును ఎవరైనా వేలు పెట్టి మూస్తే బాగుండునని ఉంటుంది.