ఇంటిపేరు వెండల్‌బీ

మా ఓస్మర్లీలో ఎవరికీ ఓస్మర్లీ అని ఇంటిపేరు లేదు. ఉన్న ఊరి పేరు పెట్టి పిలిస్తే ఊరంతా ఒకేసారి పలకాలి మరి. ఊరి పేరు తగిలించేది బయటినుంచి వచ్చినవాడికే.

హేమో అలాగే వచ్చాడు, ఇళ్లకు గడ్డి కప్పే పనికి, పెళ్లాం ఎమ్మట్‌ను వెంటబెట్టుకొని. అప్పటికే మిల్లు దగ్గర ఒక హేమో ఉన్నాడు. ఇతన్ని ఏమని పిలవాలో తేల్చడానికి పెత్తందారు థర్‌స్టన్ నా బీరు కొట్టు అరుగు మీద కూర్చుని, ఏ ఊరని అడిగాడు. సముద్రం ఒడ్డున ఏదో పల్లె పేరు చెప్పాడు పాపం. ఆ పేరు థర్‌స్టన్‌కు నోరు తిరగలేదు. రాత్రి ఎక్కడ పడుకున్నావన్నాడు. దారిలో వెండల్‌బీలో ఎవరి పాకలోనో తలదాచుకున్నామన్నాడు హేమో. ఇంకేం, వెండల్‌బీ హేమో అయిపోయాడు.

ఈ వేసవిలో మహమ్మారి ఊరూరా పాకుతూ వచ్చింది. చంకలో గడ్డ లేచిందంటే ఆ మనిషి మీద ఆశ వదులుకోవాల్సిందే. మా ఊరి బండివాడు ఓడో ఒక మధ్యాహ్నం వచ్చి, వెండల్‌బీలో చర్చి గంట కొట్టే దిక్కు కూడా లేదని, పాలు పితికేవాళ్లు లేక ఆవులు అరుస్తున్నాయని చెప్పాడు. థర్‌స్టన్ వెంటనే వాగు దాటే చోట గొర్రెల తడికలు అడ్డం కట్టించాడు. వెండల్‌బీ మనిషి ఎవడూ లోపల అడుగు పెట్టకూడదన్నాడు.

ఆ సాయంత్రమే హేమో వాగవతల పని ముగించుకొని ఇంటికి బయలుదేరి తడిక దగ్గరికొచ్చాడు. ఇంట్లో ఎమ్మట్‌కు నొప్పులు మొదలయ్యాయి. కావలివాళ్లు అతని మీద బాణాలు ఎక్కుపెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"వాడిది ఆ ఊరు కాదని నీకు తెలీదా?" అని థర్‌స్టన్‌ను నిలదీశాను.

"కాకపోతే ఆ పేరెందుకొచ్చింది?"

"పెట్టింది నువ్వే కదయ్యా."

"ఊరికే పెడతానా ఇసోల్డా? ఏదో ఉంటేనే కదా పెట్టేది."

ఆ మాట నిజంగా నమ్మే అన్నాడు. నాకు భయం వేసింది. హేమో తడిక పట్టుకొని, "అక్కా, దాన్ని చూసుకో," అన్నాడు, అంతే.

వేడినీళ్ల కోసం మా ఇంటికి పరుగెత్తాను. బీరుకొచ్చిన ఓడో నడివేసవిలో కంబళి కప్పుకొని పొయ్యి పక్కన వణుకుతూ కూర్చున్నాడు. వెండల్‌బీ వీధుల్లో బండి తోలి వచ్చినవాడు వాడే. వాడిని ఎవరూ ఆపలేదు. వాడు మన ఓడో కదా, వట్టి ఓడో.

ఎమ్మట్‌కు ఆడపిల్ల పుట్టింది. హేమో వాగవతలే గుడిసె వేసుకున్నాడు. రోజూ పొద్దున్నే ఇవతలినుంచి కేకేసి పిల్ల సంగతి చెప్పేదాన్ని. మొదట ఓడో పోయాడు. తర్వాత మిల్లు హేమో, కావలివాళ్లు, థర్‌స్టన్. చివరికి ఎమ్మట్. తడిక మాత్రం అలాగే నిలబడి ఉంది.

ఈ ఉదయం నా చంకలో చెయ్యి పెట్టి చూసుకున్నాను. వెంటనే పిల్లను బుట్టలో పెట్టి, తడిక దగ్గర దించి, వెనక్కి వచ్చేశాను. హేమో తడిక దాటబోయాడు.

"అక్కడే ఆగు," అని అరిచాను. "దాన్ని తీసుకొని పో. ఎవరైనా ఏ ఊరని అడిగితే మా ఊరు చెప్పకు. వెండల్‌బీ అసలే అనకు. నీ పుట్టిన ఊరు చెప్పు."

హేమో తల అడ్డంగా ఊపాడు. "ఈ జబ్బు ఓడ దిగింది అక్కడేనట అక్కా. ఆ పేరు ఇప్పుడు అందరికీ నోరు తిరుగుతోంది."

బుట్ట గుండెకు హత్తుకొని వాగు దాటి, గట్టెక్కి పోయాడు. నేను చూస్తూ నిలబడ్డాను. ఎదురుగా కనిపించే పక్క ఊరి మొగదలలో వాళ్లూ తడికలు కట్టారు. అతను అక్కడికి చేరగానే ఎవడో గట్టిగా కేకేశాడు.

"ఆగు. ఏ ఊరు నీది?"

హేమో ఏం చెప్పాడో నాకు వినపడలేదు.