పసుపు డబ్బా దొరకని రోజు

రామచంద్రం గాజు పలకలను మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుతురుకు ఎత్తి చూసి, మళ్లీ తుడిచాడు. కరీంనగర్ దగ్గరి ఆ పశువైద్య కళాశాల ప్రయోగశాలలో అటెండర్‌గా అతనికిది ఆఖరి రోజు. పవర్‌లూమ్ రొదకు వయసులోనే పోయిన ఎడమ చెవి, నెరిసిన మీసం, ఎప్పుడూ వదులుగా వేలాడే చొక్కా. అతను రేపటి నుంచి రాకపోతే ఏ పనీ ఆగదు. ఆ సంగతి అతనికీ తెలుసు.

అతని దిగులంతా పరిశోధన చేసే మధులిక గురించే. మేక దవడ కింది లాలాజల గ్రంథిలో, సన్నటి నాళాల గోడల్లో, రుచి చూసే కణాలు కొన్ని దాగి ఉంటాయట. క్రిములు ఎగబాకితే వాటి చేదును పసిగట్టి ఒంటికి కబురు పెడతాయట. రంగు వేసి సూక్ష్మదర్శిని కింద నీలి వెలుతురులో పెడితే అవి మాత్రమే ఆకుపచ్చగా మెరవాలి. రెండేళ్లుగా పలకంతా మెరుస్తోంది. ఈసారీ అంతే అయితే ఈ పని మానుకోమన్నాడు ప్రొఫెసర్. అటెండర్ పాచిపోయిన గ్రంథులు తెస్తున్నాడేమో అని కూడా అన్నాడు. తెల్లారకముందే మటన్ కొట్టు ముందు నిలబడి, అప్పుడే కోసిన మేక నుంచి తీయించి, టిఫిన్ డబ్బాలో ఐసు మధ్య పెట్టి తెచ్చే మనిషికి ఆ మాట మింగుడు పడలేదు.

మధులిక సూక్ష్మదర్శిని మీద వంగి పలకను అటూ ఇటూ జరిపి చూసింది. తర్వాత అతని వినపడే చెవి వైపు వచ్చింది.

"కాకా, జర చూడు."

చుట్టూ చీకటి. నాళం అంచున నాలుగైదు ఆకుపచ్చ చుక్కలు.

"గివేనా బిడ్డా?"

"గివే! ఈసారి ఏం జేసినవ్?"

"ఏం జెయ్యలే. మొన్న మా ఇంటిది దేవవ్వ హుజూరాబాద్‌ల బిడ్డ ఇంటికి పోయింది. పసుపు డబ్బా ఏడ పెట్టిందో దొరకలే. రాయకుండనే తెచ్చిన."

"గ్రంథులకు పసుపు రాస్తుంటివా?"

"నీసు వాసనకు బస్సుల ముక్కు మూసుకుంటరని రాస్తుంటి. ఈడికొచ్చి మంచిగ కడిగే ఇస్తుంటి."

మధులిక తల పట్టుకుంది. ఆ నీలి వెలుతురులో పసుపు తనంతట తానే ఆకుపచ్చగా మెరుస్తుంది. ఎంత కడిగినా పూర్తిగా పోదు.

రామచంద్రం తన అరచేతులు చూసుకున్నాడు. "నా చేతులార ఖరాబ్ జేసిన బిడ్డా."

ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ఫికర్ జెయ్యకు కాకా. పాచిపోయినవి గావని సారుకు నేనే జెప్త. చిన్నమ్మ ఊరికి పోయి నన్ను గట్టెక్కిచ్చింది."

ఇన్నేళ్ల సంసారంలో పసుపు డబ్బా జాడ తెలియని మొగుడి వల్ల లోకానికి జరిగిన మేలు ఇదొక్కటేనేమో. గుండె మీది బండ దిగినట్టయి రామచంద్రం కూడా నవ్వాడు.

సాయంత్రం శాలువా కప్పారు. ప్రొఫెసర్ చేయి పట్టుకుని రెండు మంచి మాటలు చెప్పాడు. రామచంద్రం నిమ్మళంగా సుల్తానాబాద్ బస్సెక్కి వెళ్లిపోయాడు.

ప్రయోగశాలలో నల్లా పక్కన అతను మరిచిపోయిన టిఫిన్ డబ్బా బోర్లించి ఉంది. మూత అంచు మడతలో పసుపు ఇంకా పోలేదు.