పన్నెండో ఓటు

ఆగీ పస్కరెల్లి పేరు వింటే లోనీ క్రెబ్స్‌కు యాభై ఏళ్లుగా కడుపుమంట. వింతేమిటంటే, కుళ్లుకోవలసినవాడు లోనీ కాదు. బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ గోడకు బిగించిన కంచు పలక మీద ఉన్నది లోనీ ముఖం. ఆగీ ముఖం ఒహాయోలో వాళ్లింటి గోడమీద పెళ్లి ఫొటోలో తప్ప ఎక్కడా లేదు. అయినా ఏడ్చేది లోనీయే. కొందరికి వడ్డించిన విస్తరి ముందున్నా చూపు పక్కవాడి విస్తరి మీదే ఉంటుంది.

హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి పాత ఆటగాళ్లను ఎన్నుకునే ఆ డిసెంబరు ఆదివారం పొద్దున హోటల్లో టిఫిన్ దగ్గర లోనీ భార్య డోరీన్ మళ్లీ ఆ పేరే ఎత్తింది.

"ఈసారన్నా ఆగీ కోసం నోరు తెరువు. పక్కపక్కన పదకొండేళ్లు ఆడారు. నువ్వు చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?"

"ఓటేస్తాలే."

"ఓటు సంగతి కాదయ్యా నేననేది. నోటి సంగతి."

"నీకు వాడంటే మొదట్నించీ ముద్దే" అన్నాడు లోనీ, రొట్టెకు వెన్న రాస్తూ.

"ముద్దే మరి! వాడు నవ్విస్తాడు. నువ్వు లెక్చర్లిస్తావు."

లోనీకి ఒళ్లు మండింది. డెబ్బై ఎనిమిదేళ్లొచ్చినా ఆ మంట మాత్రం కుర్రతనంలో ఎలా ఉందో అలాగే ఉంది. పాత ఆటగాళ్లు కలిసే రోజున లోనీ దగ్గరకు సంతకాల కోసం వస్తారు, సంతకం పెట్టించుకుని నేరుగా ఆగీ చుట్టూ చేరతారు. తన సన్మానం రోజున కూడా అంతే. వేదిక మీద లోనీ ఇరవై మందికి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు. ఆగీ పేరు చెప్పలేదు. మరిచిపోయి కాదు. ఆగీ మాత్రం ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. లోనీ దాన్ని ఇప్పటికీ క్షమించలేదు.

అసలు మంట ఎక్కడుందో చెప్పాలి. లోనీ షార్ట్‌స్టాప్, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య కాపు కాసేవాడు. కొట్టిన బంతి నేలమీద దొర్లుకుంటూ వస్తే పట్టుకుని మొదటి బేస్ దగ్గరున్న ఆగీకి విసరడం అతని పని. పరిగెత్తేవాడికంటే ముందు బంతి ఆగీ గ్లవ్‌లో పడితే వాడు ఔట్. బంతి పట్టుకోవడంలో లోనీకి సాటి లేదు. విసరడంలోనే వచ్చింది తంటా. తొందరలో విసిరితే బంతి ఆగీ ముందు మట్టిలో పడి ఎటు లేస్తుందో తెలియకుండా లేచేది. అది గనక తప్పిపోతే, స్కోరు రాసేవాడు తప్పును విసిరినవాడి ఖాతాలో వేస్తాడు. ఆగీ తప్పిపోనిచ్చేవాడు కాదు. కాలు బేస్ మీదినుంచి కదల్చకుండా, నేలకు సాగిలపడి, మట్టితోసహా దోసిలిపట్టినట్టు ఎత్తేవాడు. ఔట్. అప్పుడు స్కోరు కాగితం మీద ఏమీ ఉండదు. మట్టిలోంచి ఎత్తిన బంతికి ఏ గడీ లేదు. ఒక సీజనంతా లోనీ చేసిన తప్పులు తొమ్మిదే అని పత్రికలు ఎగిరి గంతేశాయి. అవి నలభై అని ఇద్దరికి తెలుసు. ఒకడు లోనీ. రెండోవాడు ఎవరికీ చెప్పలేదు.

చెప్పి ఉంటే లోనీ తిట్టుకుని, కొట్టుకుని ఎప్పుడో మరిచిపోయేవాడు. చెప్పకపోవడమే అతణ్ని ఇన్నేళ్లు కాల్చింది.

పదిగంటలకు ఓటు వేసే పదహారుమందీ పొడుగు బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆట మానిన కొత్తల్లో పత్రికలవాళ్లు ఓటు వేయక దాటవేసిన ఆటగాళ్లకు ఇది రెండో తలుపు. జాబితాలో ఎనిమిది పేర్లు. ఒక్కొక్కరు మూడు పేర్లకు మించి గుర్తు పెట్టకూడదు. పన్నెండు ఓట్లు పడినవాడు లోపలికి. మిగిలినవాళ్లు మళ్లీ మూడేళ్లు ఆగాలి. ఆగీకి డెబ్బై తొమ్మిది, గుండెలో రెండు గొట్టాలు. మూడేళ్ల మాట ఎత్తితే వాడే పకపకా నవ్వుతాడు.

కాఫీ దగ్గర టాలివర్ లోనీని పక్కకు లాగాడు. ముప్పై ఏళ్లు జట్లు నడిపిన ముసలాడు, బల్ల దగ్గర అతని మాటకు బరువెక్కువ.

"ఒరే లోనీ, నాకు రెండు పేర్లు ఖాయం. మూడోది పస్కరెల్లికా, జాబితాలో ఉన్న ఆ క్యాచర్‌కా తేలట్లేదు. బ్యాటింగ్ అంకెలు చూస్తే పస్కరెల్లివి అంతంతమాత్రం. వాడిలో మనకు కనపడందేదో ఉందంటే, అది నీకే తెలియాలి. నువ్వు చెప్పు, వేసేస్తా."

"లోపల చెప్తాలే" అన్నాడు లోనీ.

లోపల ఆగీ పేరు వచ్చేసరికి పదకొండయింది. అంకెలు చదివారు. ఎవరో పెదవి విరిచారు. పత్రికల తరఫున వచ్చిన స్ట్రిక్లండ్ కళ్లజోడు పైకి నెట్టుకుని, "మంచి ఆటగాడే, కాదనను. కానీ మంచి ఆటగాళ్లు వందమంది ఉన్నారు. ఇది గొప్పవాళ్ల గది" అన్నాడు. పదిహేను తలకాయలు లోనీ వైపు తిరిగాయి.

మాట నాలుక చివరదాకా వచ్చింది. వాడు నడుం వంచి మట్టిలోంచి ఎత్తబట్టే నా తప్పులు తొమ్మిదయ్యాయి, అంతే, ఆ ఒక్క ముక్క చాలు. కానీ ఆ ముక్క బయటపడితే గోడమీద తన పలక కింద అచ్చుగుద్దిన మాటలు ఏమవుతాయి? 'అతని తరంలో బంతి పట్టి విసరడంలో సాటిలేనివాడు' అని ఉంది అక్కడ. రేపు జనం ఆగీ పలక ముందు నిలబడి, ఓహో ఆ పక్కవాణ్ని మోసినవాడు ఇతనేనా అనుకుంటారు. డోరీన్ కూడా అనుకుంటుంది. ఆమె ముందే అనుకుంది గాబోలు.

"ఆగీ..." అని గొంతు సవరించుకున్నాడు. "ఆగీ చాలా మంచి మనిషి. జట్టులో అందరికీ వాడంటే ప్రాణం."

ఆ గదిలో అంతకంటే పెద్ద తద్దినం లేదు. మంచి మనిషి అన్నారంటే ఆట గురించి చెప్పడానికి ఏమీ లేదని అర్థం. టాలివర్ ఇంకో నిమిషం అతని ముఖంలోకి చూసి, కాగితం మీదికి వంగాడు.

లోనీ తన కాగితం మీద మొట్టమొదట ఆగీ పేరుకే గుర్తు పెట్టాడు. అక్కడితో బాధ్యత తీరిందనుకున్నాడు. ఎవరడిగినా గుండెమీద చెయ్యేసుకుని వేశానని చెప్పొచ్చు. అబద్ధం కాదు కదా!

లెక్క తేలింది. క్యాచర్‌కు పన్నెండు. పస్కరెల్లికి పదకొండు.

తలుపు దగ్గర టాలివర్ ఆగాడు. "నువ్వు ఒక్క ముక్క అంటావని కాచుకు కూర్చున్నానురా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఐదింటికి టీవీలో ఫలితాలు చెప్పారు. ఐదుంబావుకు లోనీ ఫోన్ మోగింది. డోరీన్ అందుకుంది. అవతల ఆగీ ఏమన్నాడోగాని, కళ్లనిండా నీళ్లున్నా ఆమె నవ్వింది. "వదినకేం తెలుసు నాయనా, ఇదిగో మీవాడు" అంటూ ఫోన్ అందించింది.

ఫోన్లో వెనకనుంచి గిన్నెల చప్పుడు, బోలెడుమంది మాటలు. కబురొస్తుందని ఆగీ వంటింట్లో వీధివీధంతా చేరినట్టుంది.

"పదకొండట కదరా!" అన్నాడు ఆగీ. "నా అంకెలకు ఐదు పడితే గొప్ప అనుకున్నా. అందులో నీదొకటి కదూ?"

"నాదొకటి" అన్నాడు లోనీ. నిజమే చెప్పాడు, చెప్పగానే ఊపిరి తేలికైంది కూడా.

"తెలుసురా. కానీ మిగతా పదీ ఎక్కణ్నించి వచ్చాయి?" ఆగీ గొంతు తగ్గించాడు. "నువ్వు చెప్పేశావు కదూ? ఆ మట్టిలో బంతుల సంగతి?"

 డోరీన్ పక్కనే నిలబడి చూస్తోంది. కాదనడానికి ఒక్క క్షణం ఉంది. ఆ క్షణం వచ్చింది, వెళ్లిపోయింది.

"చెప్పాను" అన్నాడు.

 

"ఎందుకు చెప్పావురా పిచ్చి వెధవా?" అన్నాడు ఆగీ.  "నీ పేరు పాడుచేసుకున్నావు గదరా నాకోసం! నేను అడిగానా? నా ఆట నాకు తెలుసు, నీకు తెలుసు, చాలదూ? అంతమందిలో కూర్చుని చెప్పడం... నావల్ల అయ్యేది కాదురా లోనీ. నీ చోట నేనుంటే నోరు మూసుకుని కూర్చునేవాణ్ని."

"ఊరుకో ఆగీ."

"ఊరుకోనురా." అక్కణ్నుంచి కుర్చీ జరిగిన చప్పుడు. ఆగీ వంటింట్లోవాళ్ల వైపు తిరిగి కేకేసి చెప్తున్నాడు. "ఇదిగో, అందరూ వినండి! పదకొండు ఓట్లు నాకొచ్చినవి కావు. నా స్నేహితుడు తన కిరీటం తీసి బల్లమీద పెట్టి అడుక్కొచ్చినవి. లైన్లో ఉన్నాడు. కొట్టండి!"

చప్పట్లు మొదలయ్యాయి. ఎన్నడూ చూడని మనుషులు, వంటింట్లో నిలబడి, ఎవరో ఈలకూడా వేస్తూ, ఆగకుండా కొట్టారు. ఆ కేకా, ఆ మోతా డోరీన్‌కు కూడా వినపడ్డాయి. ఆమె వచ్చి లోనీ భుజం మీద చెయ్యి వేసింది. పెళ్లయిన యాభై మూడేళ్లలో ఆమె అతనివైపు అలా చూడలేదు. అలా చూడాలని అతను కోరుకోని రోజూ లేదు.

ఆ చూపు తనది కాదు. ఆ చప్పట్లూ తనవి కావు. ఆ గదిలో లేచి నిలబడి నిజం చెప్పిన లోనీ క్రెబ్స్ అనే ఇంకొకడివి. ఇన్నేళ్లూ ఆగీ మీద మండిన మంట అంతా ఇప్పుడు వాడి మీదికి మళ్లింది. ఫోన్ చెవికి ఆనించుకునే, లేని ఆ మనిషిని చూసి లోనీ కుళ్లిపోయాడు.