పగడపు దిబ్బ మీద ఈల

నేను ఒక ఇత్తడి ఈలను. బొటనవేలంత ఉంటాను. నా పొట్టలో శనగగింజంత బెండు ఉండ ఒకటి ఉంది. మనిషి ఊదితే అది గిరగిరా తిరుగుతుంది, నేను అరుస్తాను. ఏ ఊళ్లో పుట్టానో గుర్తులేదు. మొదటి కొలువు మాత్రం కళింగపట్నం దగ్గర ఒక హైస్కూల్లో, డ్రిల్లు మాస్టారు పాపారావు గారి మెడలో. పదేళ్లపాటు ఆయన నా చేత పిల్లల్ని పరుగెత్తించారు, ఆపించారు, మళ్లీ పరుగెత్తించారు. ఖోఖో జట్టు కెప్టెన్ కోర్లమ్మ చదువు ముగించి, పెళ్లయి, భర్త వెంట అండమాన్ ఓడెక్కబోతుంటే మాస్టారు నన్ను మెడలోంచి తీసి ఆమె చేతిలో పెట్టారు. ఎందుకిచ్చారో ఆయనకూ తెలిసినట్టు లేదు. ఇవ్వడానికి ఆ క్షణాన దగ్గర ఇంకేమీ లేదు కాబోలు.

అలా ఒక చిన్న దీవికి చేరాను. ఈ చివర నుంచి ఆ చివరకు గంటన్నరలో నడిచేయొచ్చు. కొబ్బరి చెట్లు, పోక చెట్లు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకారుల ఇళ్లు. భర్త వేటకు వెళ్లేవాడు. టూరిస్టులు రావడం మొదలయ్యాక కోర్లమ్మకూ ఒక పని దొరికింది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఒడ్డు ముందున్న పగడపు దిబ్బ తేలుతుంది. మోకాలి లోతు నీళ్లలో జనాన్ని దాని మీదికి నడిపించుకెళ్లి, పగడాలూ నక్షత్ర చేపలూ చూపించాలి. పోటు మొదలవగానే నన్ను ఊది వెనక్కి తీసుకురావాలి.

మనుషులు భలేవాళ్లు. సముద్రాన్ని చూడ్డానికి విమానాలూ ఓడలూ ఎక్కి వస్తారు. తీరా వచ్చాక దానికి వీపు పెట్టి తమ ఫోటోలే తీసుకుంటారు. నేను అరిస్తే "ఒక్క నిమిషం" అంటారు, పోటుతో ముందే మాట్లాడుకున్నట్టు.

రెండేళ్ల కిందట ఒడ్డున రిసార్టు వెలిసింది. దాని మేనేజరు ఒకరోజు వచ్చీరాని తెలుగులో, "అమ్మా, ఈల బంద్. గెస్టులు శాంతి కోసం వస్తారు. చెయ్యి ఊపండి, చాలు" అన్నాడు.

"సెయ్యూపితే ఎవులు సూత్తారు బాబూ? ఆలంతా కిందకి సూసుకుంతా నడుత్తారు" అంది కోర్లమ్మ.

కానీ జనాన్ని పంపేది అతనే. ఆమె నన్ను మెడలోంచి తీసి, నడుముకు కట్టుకునే గుడ్డసంచీలో వక్కల పక్కన పడేసింది. ఆరు నెలలు అక్కడే ఉన్నాను. ఉప్పు పేరుకుని నా గొంతు పూడుకుపోయింది, బెండు ఉండ లోపలి గోడకు అతుక్కుపోయింది.

కార్తీకం చివర్లో ఒక మధ్యాహ్నం, ఎనిమిది మందిని తీసుకుని దిబ్బ మీదికి వెళ్లాం. అందులో తణుకు నుంచి వచ్చిన విశ్వేశ్వరరావు గారు, ఆయన భార్య శేషరత్నం గారు ఉన్నారు. ఆవిడకు అరవై దాటాయి. ప్రతి రాయి దగ్గరా వంగి, "అబ్బ, ఎంత నీలంగా ఉందో!" అనుకుంటూ వెనకబడిపోయేవారు.

పడమర నుంచి వాన ఒక్కసారిగా వచ్చిపడింది. తెల్లటి తెర దించినట్టయింది. కోర్లమ్మ అందర్నీ చేతులు ఊపి దగ్గరకు చేర్చింది. చూస్తే ఏడుగురే.

"మా ఆవిడేదండీ? ఇప్పటిదాకా నా వెనకే ఉందే!" అన్నారు విశ్వేశ్వరరావు గారు.

పోటు మొదలైంది. నీళ్లు తొడల దాకా వచ్చాయి. దిబ్బ అంచు దాటితే ఒక్కసారిగా లోతు. ఒడ్డు చెట్లు ఇంకా మసగ్గా కనిపిస్తుండగానే కోర్లమ్మ మిగతా ఆరుగురినీ చేతులు పట్టుకుని నడవమని పంపేసింది. ఆయన మాత్రం కదల్లేదు. పేరుపెట్టి అరిచారు. వాన ఆ అరుపును మింగేసింది.

అప్పుడు కోర్లమ్మ నన్ను బయటికి తీసి ఊదింది. ఉత్త గాలి వచ్చింది. మళ్లీ ఊదింది. అంతే. అంత భయం నేను ఎన్నడూ పడలేదు. నా ఉద్యోగమంతా ఒక్క అరుపు, అది కాస్తా లేకపోయె!

"ఓలమ్మా, ఇప్పుడేటి నీకు!" అంటూ ఆమె నన్ను అరచేతికేసి కొట్టింది. నోటినిండా వాన నీళ్లు పట్టి నాలోకి ఊదింది, పీల్చి ఉమ్మింది, మళ్లీ ఊదింది. ఉప్పు కరిగింది. ఉండ కదిలింది. నేను అరిచాను! స్కూలు మైదానంలో కూడా అలా అరిచి ఎరగను. ఆమె రెండుసార్లు ఊదేది, ఆగి చెవి ఒగ్గేది, మళ్లీ ఊదేది. నీళ్లు నడుముకు వచ్చాయి.

"ఇక్కడున్నానండీ!" అని కుడివైపు నుంచి సన్నగా వినిపించింది.

"ఈలకేసి రామ్మా! ఈలకేసే రా!" అని కేకేసి, కోర్లమ్మ ఇక ఆపకుండా ఊదింది. కాసేపటికి వానలోంచి ఒక ఆకారం తేలింది. కుచ్చెళ్లు పైకి దోపుకుని, ఒక చేత్తో చెప్పులు ఎత్తి పట్టుకుని శేషరత్నం గారు.

విశ్వేశ్వరరావు గారు ముందుకు వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. తర్వాత ఏడుస్తూనే, "ఆ చెప్పులెందుకే చేతిలో?" అన్నారు.

"కొత్తవండీ" అన్నారావిడ.

ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని ఒడ్డుకు చేరారు. ముందు వెళ్లిన ఆరుగురూ అప్పటికే అక్కడ ఉన్నారు. కోర్లమ్మ ఇసకలో చతికిలబడి, రెండు చేతులతో మొహం తుడుచుకుని, గుండెల నిండా ఊపిరి తీసుకుంది. మేనేజరు తువ్వాళ్లతో పరుగెత్తుకొచ్చి, "అమ్మా, ఈల రిసార్టు దాకా వినిపించింది" అన్నాడు నెమ్మదిగా.

"మరే. అందుకే ఊదుతారు బాబూ" అంది కోర్లమ్మ. అతను తల ఊపాడు. ఆమె నన్ను మెడలో వేసుకుంది.

వాన వెలిసింది. శేషరత్నం గారు టీ గ్లాసు పక్కన పెట్టి, "ఒక్కసారి ఇలా ఇవ్వమ్మా" అని నన్ను అందుకున్నారు. మొదటిసారి తుస్సుమంది. రెండోసారి పలికాను. ఆవిడ చిన్నపిల్లలా నవ్వి ఇంకోసారి ఊదారు. ఎవర్నీ ఆగమనీ కాదు, రమ్మనీ కాదు. ఊరికే. అలా నన్ను ఊదినవాళ్లు అంతకుముందు లేరు. నాలుగోసారి ఊదబోతుంటే విశ్వేశ్వరరావు గారు చెవులు మూసుకున్నారు గానీ వద్దనలేదు.