తొమ్మిదో స్లాబు నీళ్లు

చెప్పులు బయట విప్పి వచ్చింది కదా, ఎవరూ విప్పమనలేదు, కన్సల్టెంట్ జోసెఫ్ గారు బూట్లతోనే కూర్చున్నారు, ప్రాజెక్టు మేనేజర్ దినేష్ బూట్లతోనే, సైటు ఇంజనీరునని తను కూడా బూట్లతోనే, స్లాబులకు నీళ్లు పట్టే గంగమ్మ ఒక్కతే ఆ ఏసీ గదిలో వట్టి కాళ్లతో నిలబడింది, తడి పాదాల గుర్తులు తలుపు దగ్గర్నుంచి బల్ల దాకా పడ్డాయి, మీటింగు అయిపోయి అరగంట దాటినా రంగనాథ్‌కి ఆ పాదాలే గుర్తొస్తున్నాయి, తను అన్న మాట గుర్తు రాకుండా ఉండటానికే మనసు ఆ పాదాలు పట్టుకుని వేలాడుతోందేమో, ఎంత తెలివైందో పాడు మనసు, అన్న మాట మాత్రం ఏమంత పెద్దదని, క్యూరింగ్ సరిగ్గా జరగలేదు సర్, గంగమ్మ నీళ్లు పట్టలేదు, అంతే కదా.

అంతేనా, తొమ్మిదో అంతస్తు స్లాబు పోసిన మర్నాడు పొద్దున్నే గంగమ్మ ఇసుకా సిమెంటూ కలిపి స్లాబు నిండా చిన్న చిన్న కట్టలు పోసింది, పాలమూరు నుంచి వచ్చిన మనిషి, మడులు కట్టడం ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు, మడి మడికీ నీళ్లు నింపింది, పది రోజులు నిలవాలి ఆ నీళ్లు, కొత్త కాంక్రీటు తడిగా ఉన్నన్నాళ్లూ బలం పుంజుకుంటుందని ఇంజనీరింగు పరీక్షలో రెండు పేజీలు నింపిన మహానుభావుడు రంగనాథ్ మూడో రోజునే పైకెక్కి, కట్టలు కొట్టెయ్, నీళ్లన్నీ తోసెయ్, రేపు ఇక్కడ ఇనుము దిగుతోంది అన్నాడు, ఎండ నలభై ఒకటి, ఇంక పచ్చిగనే ఉన్నది సారూ, పది దినాలని నువ్వే చెప్తివి గద అంది గంగమ్మ, ఇంజనీరువి నువ్వా నేనా అన్నాడు, సెంట్రింగు వాళ్లు గొల్లున నవ్వారు, ఆమె పార తీసుకుని, నడుం విరిగేలా పోసిన కట్టల్ని ఒక్కొక్కటే కొట్టేసింది, పోనీ తడి గోనెసంచులైనా పరవమనాల్సింది, అనలేదు, ఇనుము మోసేవాళ్ల కాళ్లకు అడ్డమని అనలేదు, వారానికో అంతస్తు అని దినేష్ ఆఫీసు గోడ మీద ఎర్రరంగుతో రాయించాడు, వారానికో అంతస్తు లేస్తే ప్రొద్దుటూరులో అమ్మానాన్నలకు ఫొటోలు పంపొచ్చు, ఇదిగో నేను కట్టిస్తున్నది నలభై అంతస్తులు అని, నల్లగండ్లలో తన ఫ్లాటు పడగ్గది కప్పు మీద కూడా సన్నటి గీత ఉంది, సౌజన్య చూపించి ఇదేంటండీ అంటే అవన్నీ మామూలే అన్నాడు, మామూలేనట.

తొమ్మిదో స్లాబు మీద మాత్రం ఒక గీత కాదు, ఎండిన చెరువు అడుగులా అంతా నెర్రెలు, జోసెఫ్ గారు మోకాళ్ల మీద కూర్చుని వేలితో తడిమి చూశారు, కిందికొచ్చి నీళ్లు ఎన్ని రోజులు నిలబెట్టారని అడిగారు, మెల్లగా, మంచి గొంతుతో, ఆ మంచితనానికే నిజం చెప్పేయొచ్చు, దినేష్ రంగనాథ్ వైపు చూశాడు, చూపుతో ఏమీ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం లేదు, రంగనాథ్ పనిచేసిన ప్రతి సైటులోనూ అదే తంతు, సిమెంటుకి బిల్లుంటుంది, ఇనుముకి టెస్టు కాయితం ఉంటుంది, నీళ్లకు ఏముంటుంది, ఎండకు పోతాయి, అందుకే నెర్రె కనపడితే చూపుడువేలు నీళ్లు పట్టే ఆడమనిషి మీదికి తిరుగుతుంది, ఈసారి తిరిగిన వేలు తనది, నువ్వు నీళ్లు పట్టలేదంటున్నారు, నిజమేనామ్మా అని జోసెఫ్ గారు గంగమ్మను పిలిపించి మరీ అడిగారు, ఆమె రంగనాథ్ ముఖంలోకి చూసింది, చాలాసేపు అనిపించింది, తర్వాత అవును సారూ, నాదే తప్పు, మర్చిపోయిన అంది, అప్పుడు హమ్మయ్య అనిపించింది, అదీ అసలు సంగతి, హమ్మయ్య అనిపించింది, నా మీద జాలిపడింది, తల్లిలాంటిది అని కూడా అనుకున్నాడు, సిగ్గులేని జన్మ, అమ్మ వయసు మనిషిని దొంగను చేసి ఆమె చేతే దయ కూడా చూపించుకున్నాడు, జోసెఫ్ గారు డైరీలో ఒక వాక్యం రాసుకున్నారు, సాయంత్రంలోగా ఆ ముసలిదాన్ని గది ఖాళీ చెయ్యమను, వేరే మనిషిని పెట్టు అన్నాడు దినేష్, ఆమె కోడలికి నెలలు నిండాయని రంగనాథ్‌కి తెలుసు, ఆ మాటా అనలేదు.

అందుకే ఇలా వెళ్తున్నాడు, టవర్ల వెనక రేకుల గదుల వైపు, ఎండలో, కాళ్లు పట్టుకుంటే సరిపోతుంది, మియాపూర్‌లో ఎవరినైనా అడిగి పని చూపించొచ్చు, ఇంకో సైటులో ఇంకో గది, ఇలా తప్పుకి మెత్తటి దారులు వెతుకుతుండగానే గది వచ్చేసింది, గంగమ్మ గిన్నెలన్నీ చీరలో మూట కడుతోంది, కోడలు గడపలో బోర్లించిన బకెట్టు మీద పొట్ట పట్టుకుని కూర్చుంది, రంగనాథ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, గంగమ్మా, తప్పయిపోయింది, కట్టలు కొట్టెయ్యమన్నది నేనే, నన్ను క్షమించు అన్నాడు, ఆమె ముడి బిగిస్తూనే, నాకు తెల్సు గద సారూ అంది, మరి నీ తప్పని ఎందుకు ఒప్పుకున్నావమ్మా, నా కోసమా అన్నాడు, అడుగుతున్నప్పుడే అవునంటే బావుండునన్న ఆశ పుట్టింది, ఆమె తలెత్తింది, నీ కోసమెందుకు సారూ, నువ్వు గట్లన్నంక నేను కాదంటె ఎవరింటరు, నిజం నీ నోట్లెనుంచే వస్తదేమోనని జర సేపు నీ దిక్కు చూసిన, రాలే, జరుగు సారూ, ఆటో వచ్చే యాల్లయింది అంది.

జాలి కాదు, ఎదురుచూపు, ఆమె చూసిన ఆ చూపు తనకు నోరు తెరవడానికి ఇచ్చిన గడువు, అది గడిచిపోయేదాకా తను నోరు మూసుకుని కూర్చున్నాడు, ఇప్పుడేమో ఎవరూ వినని చోటికొచ్చి టోపీ తీసి తప్పయిపోయిందంటున్నాడు, రేపు పదకొండో స్లాబు, కొత్తగా వచ్చే మనిషి కూడా మడులు కడుతుంది, మూడో రోజున తనే పైకెక్కి కొట్టెయ్యమంటాడు, నెర్రెలొస్తే ఆమె కూడా అదే గదిలో నిలబడి మర్చిపోయిన అంటుంది, జోసెఫ్ గారు తొమ్మిదో అంతస్తుకి ఒక ముసలామె బద్ధకమని రాసుకున్నారు, మిగతా అంతస్తుల గురించి ఆయనకేం తెలుసు, తెలియదు, దూరంగా గేటు దగ్గర ఆయన కారుకి సెక్యూరిటీ వాడు గొలుసు దించుతున్నాడు, రంగనాథ్ టోపీ పెట్టుకోకుండానే అటు పరుగెత్తాడు, గంగమ్మకు అంతా తెలుసు, ఆ ఏసీ గదిలో ఉన్నవాళ్లలో, కట్టలు కొట్టించింది నేనే అని తను చెప్పనక్కర్లేని మనిషి ఆమె ఒక్కతే.